కాపరి మాట: ఎడారి ప్రయాణమునకు సంచి సర్దుకొనుట



మన పాలకీడు, నేరేడుచర్ల, మిర్యాలగూడ ప్రాంతములలో కోతలు ముగిసి చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు, "అయ్యగారూ, కన్నుమూసేలోగా ఒక్కసారి యెరూషలేము చూచి రావాలి" అను పెద్దలు ప్రతి సంఘములోను ఉన్నారు. ఐగుప్తు, సీనాయి, యొర్దాను, యెరూషలేము కలిపి చూపించు బృంద యాత్రలలో మనవారు వెళ్లుచున్నారు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ యాత్రకు ప్రభుత్వ సాయము మొదలైనది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయము గలవారికి ఆ సాయమును 40 వేల నుండి 60 వేల రూపాయలకు పెంచినది. మన వైపు ఇప్పుడేమైనా సాయము ఉన్నదో లేదో జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయములో అడిగి తెలిసికొనండి.

కొందరు "దేవుడే చూచుకొంటాడు" అని ఏ సిద్ధపాటు లేకుండ బయలుదేరుతారు. చెరసాలలో ఉన్న పౌలు తిమోతికి వ్రాస్తూ, త్రోయలో విడిచిన అంగీని తీసికొని రమ్మన్నాడు. చలికాలమునకు ముందే రమ్మన్నాడు. అంతటి విశ్వాసవీరుడు తన అంగీని గూర్చి ఆలోచించినాడు గనుక, సంచి సర్దుకొనుట అవిశ్వాసము కాదు. మన శరీరమును, మనతో వచ్చువారిని ప్రేమించుటలో అదియొక భాగము.

మొదటి మాట డబ్బును గూర్చి. వడ్డీకి తెచ్చిన సొమ్ముతోను, పొలము తాకట్టు పెట్టియు ఈ యాత్ర చేయవద్దు. 2023 అక్టోబరులో యుద్ధము మొదలైన తరువాత ఆ ప్రాంతములో ప్రయాణములు పలుమార్లు తలక్రిందులైనవి. కనుక మన విదేశాంగ శాఖ సూచనలు ఏమి చెప్పుచున్నవో చదువుకొన్న పిల్లలచేత చూపించుకొన్న తరువాతనే సొమ్ము కట్టండి. యాత్ర ఆగిపోతే డబ్బు తిరిగి ఇస్తారా, వీసా ఖర్చు, భోజనములు, ఆరోగ్య బీమా అందులో ఉన్నవా అన్నది కాగితము మీద వ్రాయించుకొని రసీదు తీసికొనండి.

రెండవది కాళ్లు. అరణ్యములో నలువది ఏండ్లు ఇశ్రాయేలీయుల చెప్పులు అరగలేదు. మనమైతే కొత్త బూట్లు కొని మరునాడే విమానము ఎక్కితే మూడవ దినమునకు కాళ్లు బొబ్బలెక్కుతాయి. నెల ముందే మెత్తని బూట్లు కొని, ప్రొద్దున సాయంత్రము కాలువ కట్ట మీద నడవండి. అరగంటతో మొదలుపెట్టి గంటకు పెంచండి. సీనాయి కొండ 2,285 మీటర్ల ఎత్తు. సూర్యోదయము చూచుటకు అర్ధరాత్రి దాటగానే ఎక్కుట ఆరంభిస్తారు. కొంత దూరము ఒంటె మీద వెళ్లవచ్చును గాని, చివర సుమారు 750 మెట్లు ఎవరైనను కాలినడకన ఎక్కవలసినదే. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవారు క్రింద ఆగిపోతే సిగ్గుపడనక్కరలేదు. కొండ ఎక్కినవారికి ఒక పరలోకము, ఎక్కనివారికి మరొకటి లేదు.

మూడవది నీళ్లు. ఇది ప్రాణముతో కూడిన సంగతి. "మేము 45 డిగ్రీల ఎండలో పని చేసినవాళ్లము" అని మనవారు అంటారు. ఎడారి ఎండ వేరు. అక్కడి గాలి పొడిగా ఉండుటచేత చెమట పట్టినట్లే తెలియదు, వెంటనే ఆరిపోతుంది. దాహము తెలిసేసరికే ఒంట్లో నీరు తగ్గిపోయి ఉంటుంది. 2024 జూన్ నెలలో హజ్ సమయమున మక్కాలో ఎండ 50 డిగ్రీలు దాటగా, 1,301 మంది యాత్రికులు మరణించినట్లు సౌదీ ప్రభుత్వము ప్రకటించినది. వారిలో ఎక్కువమంది అనుమతి లేకుండ వచ్చి, నీడయు విశ్రాంతియు లేక ఎండలో దూరము నడిచినవారే. మన ఊళ్లలో హజ్‌కు వెళ్లి వచ్చిన ముస్లిము పెద్దలుంటే వారిని అడగండి, ఎడారిని గూర్చి మనకంటె వారికి బాగుగా తెలియును.

మన అక్కచెల్లెండ్రకు ప్రత్యేకముగా ఒక మాట. బస్సు ఆపమని అడుగుటకు మొగమాటపడి చాలామంది స్త్రీలు ప్రయాణములో నీళ్లు త్రాగుటయే మానుకొంటారు. ఎడారిలో ఈ మొగమాటము మనిషిని పడగొట్టును. బృంద నాయకులారా, వారు అడుగువరకు ఆగకండి. దారిలో బస్సు ఎక్కడెక్కడ ఆగునో గైడుతో ముందే మాట్లాడుకొని అందరికి చెప్పండి. ప్రతివారి భుజమున నీళ్ల సీసా, సంచిలో నాలుగు ఓఆర్‌ఎస్ పొట్లములు ఉండాలి. బెయేర్షెబా అరణ్యములో హాగరు తిత్తిలోని నీళ్లు అయిపోయినప్పుడు ఏమైనదో మనకు తెలిసినదే గదా.

బట్టల విషయములో నూలువి, పూర్తి చేతులవి మంచివి. తలకు తువ్వాలు గాని టోపీ గాని ఉండాలి. ఆలయములలోనికి భుజములు, మోకాళ్లు కప్పుకొని వెళ్లాలి. ఎడారి అనగానే స్వెట్టరు ఎందుకని విడిచి వెళ్లకండి. సీనాయిలో చలికాలపు రాత్రి నీళ్లు గడ్డకట్టును. స్వెట్టరు, మంకీ టోపీ, మేజోళ్లు, చిన్న టార్చిలైటు తప్పనిసరి.

షుగరు, బీపీ మాత్రలు ప్రయాణ దినములకంటె వారము ఎక్కువకు తీసికొని, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచుకొనండి. పెద్దపెట్టె ఒక్కొక్కసారి మనతోపాటు చేరదు. మాత్రలు అట్టల నుండి విడదీసి డబ్బాలో కలపవద్దు. మన దగ్గర మామూలుగా వాడు కొన్ని నొప్పి మందులు అక్కడ నిషేధము. బీపీకి మూత్రము ఎక్కువ చేయు మాత్ర వాడువారు వెళ్లకముందే డాక్టరును అడగాలి. పచ్చళ్లు, పొడులు గట్టిగా మూతవేసి పెద్దపెట్టెలో పెట్టండి. తిరిగి వచ్చునప్పుడు యొర్దాను నీళ్ల సీసాలు కూడ అందులోనే. 100 మిల్లీలీటర్లకు మించిన సీసాను చేతిసంచిలో రానియ్యరు.

పాస్‌పోర్టు గడువు ఇంకను ఆరు నెలలు ఉండాలి. దాని నకళ్లు రెండు విడిగా పెట్టుకొనండి. చదువురాని పెద్దల మెడలో హోటలు పేరు, నాయకుని ఫోను నంబరు వ్రాసిన కార్డు వేయండి. మృతసముద్రపు నీరు మామూలు సముద్రముకంటె తొమ్మిది పదింతలు ఉప్పగా ఉండును. పొలములో పగిలిన మన మడమలకు అది నిప్పువలె తగులును. ముఖము ముంచవద్దు, కంటిలో పడనియ్యవద్దు.

చివరిగా యౌవనస్థులకు ఒక మాట. మీ సంచి తేలికగా కట్టుకొనండి. దారిలో ఎవరో ఒక అవ్వ సంచిని మీరు మోయవలసి వచ్చును. పదిమంది కలిసి వెళ్లి పదిమందియు క్షేమముగా ఇల్లు చేరుటయే ఆ యాత్రకు మంచి సాక్ష్యము.

ప్రభువు మీ రాకపోకలయందు మిమ్మును కాపాడును గాక. ఆమేన్.

మీ సంఘ కాపరి