తొలి గణనలు – తెలియని పేర్లు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అధ్యక్షుని యెన్నిక నాలుగేండ్ల కొకసారి జరుగును. అభ్యర్థుల బలాబలములను గూర్చిన ప్రజాభిప్రాయ గణనలు మాత్రము రెండేండ్లకు ముందే వెలువడ నారంభించును. వీనియందు నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే పొందిన అభ్యర్థిని లెక్కకు రానివానిగా నెంచుట పత్రికలకు వాడుక యైనది. ఈ వాడుక యెంతవఱకు న్యాయమైనదో విచారింపవలసి యున్నది.

ఇందుకు జిమ్మీ కార్టరు చరిత్రము ముఖ్యోదాహరణము. జార్జియా గవర్నరుగా నుండిన యీతఁడు 1974 డిసెంబరు 12వ తేదీన తన అభ్యర్థిత్వమును ప్రకటించెను. నాఁడు స్వరాష్ట్రమునకు వెలుపల నీతని నెఱిఁగినవా రరుదు. ‘ఏ జిమ్మీ?’ యనుట పరిహాసోక్తి యయ్యెను. 1975లో గేలప్ సంస్థవారి గణనలయందు హ్యూబర్టు హంఫ్రీ, జార్జి వాలెసు ముందుండిరి. కార్టరు మిక్కిలి వెనుకఁబడి యుండెను. చిత్రమేమనఁగా, హంఫ్రీ అభ్యర్థిగా బరిలోనికి దిగనే లేదు. జనులు నాయకుని నెన్నుకొనలేదనియు, తామెఱిఁగిన పేరును మాత్రమే చెప్పిరనియు నిందువలన విదితమగుచున్నది. 1976 జనవరి 19న అయోవా పక్షసభలలో నూటికి 37 పాళ్లు ఎవరికిని కట్టువడక నిలిచినను, అభ్యర్థులలో కార్టరే యగ్రస్థానము నందెను. ఫిబ్రవరి 24న న్యూహాంప్‌షైరును గెలిచెను. నవంబరులో 297 ఎలక్టొరల్ వోట్లతో జెరాల్డు ఫోర్డు నోడించి అధ్యక్షుఁ డయ్యెను.

అట్లని అప్రసిద్ధుఁడైన ప్రతి యభ్యర్థియు కార్టరు కానేరఁడు. ఆ యేఁటనే ఫ్రెడ్ హారిసు వంటివారు వెనుకఁబడియే నిష్క్రమించిరి. తొలి గణనలో నట్టడుగున నుండుట గుణము కాదు; అగ్రమున నుండుటయు జయము కాదు. 2007లో చాలకాలము రిపబ్లికను పక్షీయుల జాతీయ గణనలలో ముందుండిన రూడీ జూలియానీ, ఒక్క రాష్ట్రమునైనను గెలువక 2008 జనవరి చివర విరమించెను.

ఈ యంకెల లెక్కను గూడ పాఠకులు గమనింతురు గాక. ఒక పక్షమునకుఁ జెందిన నన్నూఱుగురు వోటర్లను ప్రశ్నించినారనుకొందము. నూటికి ఒక పాలనఁగా నలుగురు. రెండు పాళ్లనఁగా ఎనమండుగురు. ఈ నలుగురి భేదమును బట్టి ఒకఁడు పైకి వచ్చెననియు, మఱియొకఁడు క్రుంగెననియు పెద్దయక్షరములతోఁ బ్రకటించుట తగునా? మనుష్యుల నధికముగాఁ బ్రశ్నించుటయే చాలదు. 1936లో లిటరరీ డైజెస్టు పత్రిక ఇరువది లక్షలకు మించిన జవాబులను బట్టి లాండనుకు జయము చెప్పఁగా, రూజ్వెల్టు 48 రాష్ట్రములలో 46 గెలిచెను. ఎందఱి నడిగిరన్నదానికంటె ఎవరి నడిగిరన్నది ముఖ్యము.

గణన జోస్యముగా మాత్రమే నిలిచినచో నష్టము స్వల్పము. కాని యది నేఁడు ద్వారపాలకుఁడైనది. 2019 జూనులో డెమొక్రాటుల ప్రథమ వాదసభకు మూఁడు గణనలలో నూటికి ఒక పాలుగాని, 65,000 మంది దాతలుగాని చాలినది. సెప్టెంబరు నాఁటికి రెండును కావలసివచ్చెను. 2020 జనవరి సభకు నాలుగు గణనలలో అయిదేసి పాళ్లో, తొలి రాష్ట్రముల గణనలు రెంటిలో ఏడేసి పాళ్లో పొందుటయే కాక, 2,25,000 మంది దాతలును వలసిరి. ఆ వేదిక నందని సెనేటరు కోరీ బుకరు, ధనాభావమును గూడ చూచి, ఒక్క వోటైనను పడకమునుపే జనవరి 13న విరమించెను. పేరు తెలియనిచో గణనలో బలము లేదు. బలము లేనిచో వేదిక లేదు. వేదిక లేనిచో పేరు తెలియదు. ఈ చక్రమునఁ జిక్కినవాఁడు ప్రజలచేత నిరాకృతుఁడైనాఁడని చెప్ప వీలులేదు. ప్రజ లాతని మాట వినియే యుండరు.

వేదికపై నందఱికిని చోటుండదన్నది నిజమే. కావున నేదో యొక హద్దు కావలయును. అయినను తొలి దశలో నా హద్దు తక్కువగా నుండవలెను. గణనయే యేకైక ప్రమాణము కారాదు. పత్రికలు ప్రతి యంకెప్రక్కను ఎందఱి నడిగిరో, ఎంత పొరపాటున కవకాశమున్నదో, అభ్యర్థి నెఱుఁగమని యెందఱు చెప్పిరో ప్రకటింపవలెను. గణన వోటరునకు సమాచారముగా నుండుట మేలు; వోటరునకు బదులుగా తీర్పు చెప్పుట ప్రజాస్వామ్యము కాఁజాలదు.