మెడ సిరలో గొట్టం చూసి వేయాలి

మూత్రపిండాలు చెడిపోయి అత్యవసరంగా డయాలసిస్ కావలసినవారికి, రక్తపోటు పడిపోయి ఘాటైన మందులు ఎక్కించవలసినవారికి మెడలోని పెద్ద సిర గుండా గొట్టం పంపి, దాని మొనను గుండెకు చేరువగా నిలుపుతారు. దవాఖానల్లో దీన్ని సెంట్రల్ లైన్ అంటారు. స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ 1953లో ప్రకటించిన పద్ధతే నేటికీ దీనికి ఆధారం: సూదితో రక్తనాళాన్ని అందుకొని, సూదిలోంచి మెత్తని తీగను జార్చి, సూది తీసేసి, ఆ తీగ మీదుగా గొట్టాన్ని నడిపిస్తారు.

మెడ కండరాల నడిమి త్రికోణాన్ని వేళ్లతో తడిమి, అంచనాతో సూది గుచ్చితే, సిర పక్కనే మెదడుకు రక్తం మోసే ధమనికి చిల్లు పడవచ్చు, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరవచ్చు. అల్ట్రాసౌండ్ తెర మీదనైతే నొక్కగానే అణిగేది సిర, అణగక కొట్టుకునేది ధమని అని తేటగా తెలుస్తుంది. బ్రిటన్ మార్గదర్శక సంస్థ నైస్ 2002లోనే దీన్ని సిఫారసు చేసింది.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఈ రెండు చోట్లా ఐసీయూకు, డయాలసిస్ విభాగానికి విడివిడిగా అల్ట్రాసౌండ్ యంత్రం ఉండాలి. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఇందుకు అడ్డు కాదు: నమోదైన ఆవరణలోనే, అక్కడ చేరిన రోగులకు చేతియంత్రం వాడడాన్ని దాని నిబంధనలు అనుమతిస్తాయి. ఆడపిల్లల ప్రాణం కోసం వచ్చిన ఆ చట్టాన్ని సడలించమని అడగనక్కరలేదు.

యంత్రం ఒక్కటే చాలదు. అమెరికాలోని మిషిగన్ ఐసీయూలలో చేతులు కడుక్కోవడం, రోగిని నిలువెల్లా క్రిమిరహిత గుడ్డతో కప్పడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, తొడ సిరను వీలైనంతవరకు వదిలేయడం, అక్కర తీరిన గొట్టాన్ని వెంటనే తీసేయడం అనే ఐదు నియమాలను పట్టుదలగా పాటించగా, వెయ్యి గొట్టపు రోజులకు 2.7గా ఉన్న రక్త ఇన్ఫెక్షన్ల మధ్యస్థ రేటు సున్నాకు దిగిందని 2006లో వెల్లడైంది. అక్కడ నియమం తప్పితే పని ఆపించే అధికారం నర్సుకు ఇచ్చారు; ఇక్కడి నర్సులకూ అదే అధికారాన్ని సూపరింటెండెంట్ రాతపూర్వకంగా ఇవ్వాలి.

డయాలసిస్ రోగికి గుండెవైపు నిటారుగా దిగే కుడి మెడ సిరనే మొదట ఎంచుకోవాలి. కాలరెముక కింది సిరలో గొట్టం వేస్తే, అది తర్వాత కుంచించుకుపోయి ఆ చేతిని ఫిస్టులాకు పనికిరాకుండా చేయవచ్చు. ఫిస్టులా అంటే డయాలసిస్ కోసం చేతి ధమనిని సిరతో కలిపే ఆపరేషన్. అది వాడుకకు రావడానికి ఆరు వారాలకు పైగా పట్టవచ్చు గనుక, డయాలసిస్ శాశ్వతంగా అవసరమని తేలిన నాడే దానికి తేదీ రాసి ఇవ్వాలి.