ఆరుబయట: ద్రాక్ష పందిళ్ళ పక్కగా కొండదాకా

కిందటి సంచికలో ఉదయపు నడక గురించి రాశాక మన సంఘసభ్యుల్లో కొందరు కుర్రవాళ్ళు పట్టుకున్నారు. "నడక పెద్దలకు, మరి మాకేమిటి?" అని. సరే, ఈసారి పరుగు. పార్కు చుట్టూ సిమెంటు బాటమీద కాదు. మట్టిదారుల్లో, పొలం గట్లమీద, బండలమీద, కొండవాలుల్లో తీసే పరుగు. దీన్ని ట్రెయిల్ రన్నింగ్ అంటున్నారు. పల్లెల్లో మేకలు కాసే పిల్లలు తరతరాలుగా చేస్తున్న పనే ఇది. కాకపోతే వాళ్ళకు బూట్లూ లేవు, దానికో పేరూ లేదు.

బెంగుళూరులో ఉన్నవాళ్ళకు ఇందుకు నంది కొండలను మించిన చోటు దగ్గరలో లేదని నా అభిప్రాయం. ఊరినుంచి సుమారు అరవై కిలోమీటర్లు. కొండ ఎత్తు సముద్రమట్టానికి 1,478 మీటర్లు, చుట్టూ ఉన్న మైదానమే దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అంటే మనం ఎక్కవలసింది అయిదారు వందల మీటర్లు. కిందనున్న నంది గ్రామంలో భోగనందీశ్వరుని గుడి 9వ శతాబ్దం నాటిది. మేము ఎప్పుడూ ఆ గుడి దగ్గరే కార్లు ఆపి, పొలాల్లోకి దిగుతాం. కొండ పైదాకా తారురోడ్డు ఉంది గాని, శని ఆదివారాల్లో దానిమీద మోటారు సైకిళ్ళ రద్దీ చూస్తే దేవుడే దిక్కు. సుల్తాన్‌పేట వైపు పాతకాలపు రాతిమెట్ల దారి ఉంది, 1,175 మెట్లని చెబుతారు. మా వాళ్ళలో ఎవరు లెక్కపెట్టినా సగంలో ఊపిరితోపాటు లెక్కా తప్పుతుంది.

ఈ కొండలతో మనకు చుట్టరికం కూడా ఉంది. నెల్లూరు దాకా పోయి సముద్రంలో కలిసే పెన్న పుట్టింది ఈ వరసలోని చెన్నకేశవ కొండలోనే. కొండకింది ముద్దేనహళ్ళి విశ్వేశ్వరయ్యగారి స్వగ్రామం. వారి ఇంటిపేరు మోక్షగుండం గిద్దలూరు ప్రాంతంలోని ఊరిపేరని, పూర్వీకులు అక్కడినుంచి వచ్చినవారని మనలో చాలామందికి తెలిసిందే.

ఇక ద్రాక్ష. కొండచుట్టూ మైళ్ళకొద్దీ పందిళ్ళే. ఫ్రెంచివాళ్ళ తోటల్లోలాగా నడుమెత్తు వరసలు కావు. గ్రానైటు రాతి స్తంభాలు పాతి, పైన తీగెలు వలలా లాగి, మొక్కను తలకెత్తున పాకించే పద్ధతి. కింద ఎండ పడదు, గుత్తులు నెత్తిమీద వేలాడుతుంటాయి. ఎక్కువగా కనిపించేది బెంగుళూరు బ్లూ అనే నల్లద్రాక్ష. తొక్క మందం, గింజలుంటాయి, వాసన గాఢం. ఏడాదికి రెండు కాపులు తీయవచ్చు. 2013లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పండే రోజుల్లో పరుగెత్తుతూంటే ఆ తీపి పులుపు వాసన గొంతులోకి దిగుతుంది, ఆకలి కాస్తా రెట్టింపవుతుంది. దీని పక్కనే పండే దిల్‌ఖుష్ రకానికి మూలం మన హైదరాబాదు అనాబ్-ఎ-షాహి. నిజాం కాలంలో అక్కడ వేళ్ళూనిన తీగ ఇక్కడికి వచ్చి ఇంకో పేరుతో స్థిరపడింది. మనలాగే అనుకోండి. దొడ్డబళ్ళాపురం వైపు 1980ల చివర మొదలైన వైన్ తోటల్లో మాత్రం ఫ్రెంచి రకాలున్నాయి, అటు మనకు పనిలేదు.

పిల్లల్ని మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు వాళ్ళు నోరు తెరిచింది కొండను చూసి కాదు. గట్టుమీద కలుపు తీస్తున్న ఒక అవ్వ మమ్మల్ని చూసి, "ఏమప్పా, ఎవురన్నా తరుముకుంటా వస్తా ఉండారా?" అని అడిగింది. మాలో పదిహేనేళ్ళ కుర్రవాడొకడు, ఇంట్లో అమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే రకం, ఆగిపోయాడు. "అంకుల్, ఈమె తెలుగు మాట్లాడుతోంది!" అన్నాడు. వాడి దృష్టిలో తెలుగు అనేది వాళ్ళమ్మ, సినిమావాళ్ళు, ఉగాదికి మన సంఘం హాల్లో మైకు పట్టుకునే పెద్దలు మాట్లాడేది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, కోలారు పల్లెల్లో ఎన్నో తరాలుగా ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం అని వాడికెవరు చెప్పారు? "ఎవరూ తరమట్లేదు అవ్వా, ఊరికే పరుగెడుతున్నాం" అని వాడే చెప్పాడు. ఆవిడ నమ్మలేదు. "ఊరికే ఎవురు పరిగిస్తారప్పా" అని మా వెనకదారి వైపు ఇంకోసారి చూసింది.

పరుగు పద్ధతి కొంచెం చెప్పాలి. రోడ్డుమీద కిలోమీటరుకు ఇన్ని నిమిషాలని లెక్క వేసుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు. కొండపరుగువాళ్ళ అంతర్జాతీయ సంఘం ఒక సులువైన లెక్క పెట్టింది. ఎక్కిన ప్రతి 100 మీటర్లకు ఒక కిలోమీటరు కలుపుకోవాలి. 12 కిలోమీటర్ల దారిలో 550 మీటర్లు ఎక్కితే శ్రమ పదిహేడున్నర కిలోమీటర్లదన్నమాట. ఎత్తు ఎక్కువైనచోట నడవడం చిన్నతనం కాదు, ఆరితేరినవాళ్ళూ నడుస్తారు. చేతులు తొడలమీద ఆనించి, చిన్న చిన్న అడుగులు. దిగడంలోనే అసలు పరీక్ష. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు మోయాలి, అందుకే నొప్పి ఆ రోజు కాక మర్నాడూ ఆ తర్వాతా తెలుస్తుంది. మడమమీద పడకుండా, పాదం శరీరం కిందనే పడేటట్టు, చూపు నాలుగైదు అడుగుల ముందుంచి దిగాలి. ప్రకృతి సౌందర్యం చూడాలంటే ఆగి చూడండి. గొంతు పసుపుపచ్చగా ఉండే పిగిలిపిట్ట జాతి ఒకటి దక్షిణాది రాతికొండల్లో మాత్రమే ఉంటుంది, ఇక్కడ ఉంది. ఆగినవాళ్ళకే కనబడింది.

పందిళ్ళు అయిపోయాక కంపచెట్లు, ఆపైన అడవి, పైకి పోయేకొద్దీ మంచు. ఇవి చిరుతలు తిరిగే కొండలు. చీకట్లో వద్దు, ఒంటరిగా వద్దు. స్కందగిరివంటి అటవీశాఖ దారులకు ముందుగా ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోవాలి. వానాకాలం మరీ జాగ్రత్త: 2021 ఆగస్టులో కొండచరియ విరిగిపడి నంది రోడ్డే మూసుకుపోయింది. అదే ఏడాది మే నెలలో చైనాలోని గాన్సు రాష్ట్రంలో జరిగిన వంద కిలోమీటర్ల కొండ పందెంలో ఒక్కసారిగా వడగళ్ళు, చలిగాలి కమ్మి, 172 మందిలో 21 మంది చనిపోయారు. పోయినవాళ్ళలో ఆ దేశపు మేటి పరుగువీరులున్నారు. ఆరుగురిని కాపాడింది ఒక గొర్రెల కాపరి, తాను తలదాచుకున్న గుహలోకి చేర్చి మంట వేసి. మన కొండల్లో అంత చలి రాదు నిజమే. కాని చెమటతో తడిసిన ఒంటికి పైన మంచుగాలి తగిలితే పిల్లల పళ్ళు టకటకలాడడం నేను చూశాను. అందుకే పలుచని గాలికోటు సంచిలో ఉండవలసిందే. ఆ కాపరి సంగతి పిల్లలకు ప్రతిసారీ చెబుతాను. కొండమీద మనకంటే తెలిసినవాడు అక్కడ పశువులు మేపేవాడే.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. మేము వెళ్ళే గట్టుదారి మనది కాదు. ఒక రైతుది. రెండేళ్ళుగా ఊరినుంచి గుంపులు గుంపులుగా వస్తున్నారు. గుత్తులు తెంపుతారు, జెల్ పాకెట్లు పారేస్తారు, పాటలు పెడతారు. కిందటి కాపుకు ఆయన ముళ్ళకంప అడ్డం వేశాడు. వేయక ఏంచేస్తాడు? మైలతుత్తం, సున్నం కలిపిన మందు కొట్టిన రోజున ఎవడో పండు కోసుకు తిని కడుపునొప్పి వస్తే నింద ఆయనకే. పైగా ఆయన కష్టాలు ఆయనవి. బోర్లు వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడని భూములున్నాయి. 2008లో దేవనహళ్ళికి విమానాశ్రయం వచ్చినప్పటినుంచి భూమి అడిగేవాళ్ళు మాత్రం గుమ్మం దాటి వస్తున్నారు. పక్క తోట రాతిస్తంభాలు పీకి ఇళ్ళ స్థలాలకు గుర్తురాళ్ళు పాతారు. ద్రాక్ష పోయాక దారి ఉంటుందా?

నేను, ఇద్దరు తండ్రులు వెళ్ళి ఆయనతో కూర్చున్నాం. మాట తెలుగులో కావడంవల్ల సగం పని తేలికైంది. "మీ బిడ్డలొస్తే రానీ అన్నా, ఎవురెవురో వస్తేనే కష్టం" అన్నాడు. ఒప్పందం ఇది: పదిహేనుమందికి మించకూడదు, ముందురోజు ఫోను చేయాలి, మందు కొట్టిన వారం రాకూడదు, గట్టు దిగి పందిట్లోకి పోకూడదు. కోతలప్పుడు పళ్ళు ఆయన దగ్గరే కొంటాం, ఆయన చెప్పిన ధరకు. బేరం లేదు. మన సంఘంలో ఒకరు "అంత దండం పెట్టాలా, వేరే దారి లేదా" అన్నారు. ఉన్నాయి, అవీ ఎవరో ఒకరివే.

ఆడపిల్లల్ని పంపడానికి వెనకాడే తల్లులకు ఒక మాట. ఈసారి ముగ్గురు తల్లులు తామే వస్తున్నారు. ఒకావిడ పరుగు రాదంటూనే మెట్లన్నీ ఎక్కి మాకంటే ముందు పైన కూర్చుంది. రావాలనుకునేవారు పట్టు ఉన్న బూట్లు, లీటరు నీళ్ళు, బెల్లం వేరుశనగ ఉండలు, ఉప్పు వేసిన మజ్జిగ, గాలికోటు తెచ్చుకోండి. చెత్త వేసుకోవడానికి ఇంకో సంచి. పేర్లు సంఘం కార్యాలయంలో ఇవ్వాలి. పదిహేనుకు పన్నెండు నిండాయి.