జవాను సరిహద్దులో ఉంటే కిసాను ఎవరు?

1965 యుద్ధకాలంలో లాల్ బహదూర్ శాస్త్రి గారు 'జై జవాన్ జై కిసాన్' అన్నారు. అప్పట్నుంచి ప్రతి నాయకుడూ అదే వల్లిస్తున్నాడు. మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఆ ఇద్దరూ ఒకే గడప లోపల ఉన్నారు. జవాను భర్త, కిసాను భార్య. జవానుకు దండ వేస్తారు, వేయాలి కూడా. ఆమె రైతు అని రాసిన కాగితం మాత్రం ఏ ఆఫీసులోనూ దొరకదు.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటాం. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరు బిడ్డల్ని పంపింది. ఎంతమంది వెళ్లారో గర్వంగా చెప్పుకుంటాం. వాళ్లు లేని ఆ ఏళ్లలో ఇల్లూ పొలమూ ఎవరు చూశారని ఎవరైనా అడిగారా?

ఇది పాతకాలపు మాట కాదు. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో ఘర్షణ రాగానే సెలవు మీద వచ్చిన జవాన్లను వెనక్కి పిలిచారు. మే అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. దుక్కులు, విత్తనాలు, ఎరువులు, పంట రుణం తిరగరాయించుకోవడం. అతను రైలెక్కితే అవన్నీ ఆమె నెత్తిన పడతాయి. దున్నించేది ఆమె, నారు పోయించేది ఆమె, నీటి వంతు కోసం రాత్రిపూట కాలువ గట్టు మీద నిలబడేదీ ఆమే. కానీ పాసుపుస్తకం అతని పేరున ఉంది. బ్యాంకుకు పోతే "మీ ఆయన సంతకం కావాలమ్మా" అంటారు. ఓటీపీ అతని ఫోనుకు పోతుంది. కొండల మీద కాపలా ఉన్నవాడు ఆ ఫోను ఎప్పుడు తీస్తాడు?

దీని ఖరీదు లెక్క వేద్దాం. 3 లక్షల దాకా పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 3 శాతం రాయితీ. మనలో చాలామందిమి చేబదులు తెచ్చి పాత బాకీ కట్టి, కొత్త రుణం రాగానే ఆ చేబదులు తీరుస్తాం. సంతకం లేనిదే కొత్త రుణం రాదు. అది రాదని తెలిసి ఆమె పాతది ఎలా కడుతుంది? గడువు దాటితే 3 లక్షల మీద ఏడాదికి 9,000 రూపాయల రాయితీ పోయినట్టే. దేశానికి కాపలా కాసినందుకు ఆ ఇంటికి పడే జరిమానా ఇది.

"జీపీఏ రాయించుకోవచ్చుగా" అంటారు ఆఫీసర్లు. రాసిచ్చినవాడు చనిపోతే ఆ జీపీఏ చెల్లదు. జెండా కప్పిన పెట్టె ఇంటికొచ్చే వేళకే అది చిత్తు కాగితం. మ్యుటేషన్ అయ్యేదాకా తాను పండించిన చేలో ఆమె ఎవరూ కాదు. యుద్ధానికి పోయినవాడి ఇంటికి మీరు చూపించే భద్రత ఇదేనా?

దారి లేక కాదు, మనసు లేక. 2007 జాతీయ రైతు విధానం సాగు చేసేవాళ్లందరినీ రైతులే అంది. మహిళా రైతుకు పంచాయతీ ద్వారా ధ్రువపత్రం ఇవ్వాలని స్వామినాథన్ గారు రాజ్యసభలో బిల్లు పెట్టారు. అది 2013లో మురిగిపోయింది. 2026ను ఐక్యరాజ్యసమితి మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. బ్యానర్లు కడతారు, శాలువాలు కప్పుతారు. మాకు శాలువాలు వద్దు.

మేం అడిగేవి నాలుగే. జవాను ఒప్పుకుంటే పైసా ఖర్చు లేకుండా భార్య పేరు పాసుపుస్తకంలో చేర్చాలి. పంట రుణంలో ఆమెను సహ రుణగ్రహీతగా తీసుకుని, ఆమె సంతకంతోనే తిరగరాయాలి. ఈ-పంటలో సాగుదారుగా ఆమె పేరే ఎక్కించాలి. యుద్ధం వచ్చి జవాన్లను పిలిచినప్పుడు రుణ గడువు పొడిగించి, వడ్డీ రాయితీ నిలబెట్టాలి.

గ్రామ కమిటీలు ఈ నెలలోనే తమ ఊళ్లోని జవాన్ల ఇళ్ల జాబితా తయారు చేయాలి. సంఘం సభ్యత్వం ఆ ఆడపడుచుల పేరునే రాయాలి. అర్జీలు పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌కు వాళ్లతో కలిసి కదలండి. మాట్లాడేది వాళ్లే కావాలి. మనం వెనక నిలబడదాం.

జై జవాన్ అన్న నోటితో ఆమె పేరు పలికించేదాకా వదలొద్దు.