వెన్నులో నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయా?

ప్రశ్న: మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్ళు. పది రోజులుగా జ్వరం, తలనొప్పి, వాంతులు. ప్రొద్దుటూరులో డాక్టరుగారు వెన్నులో నీరు తీసి పరీక్ష చేయాలన్నారు. అలా చేస్తే కాళ్ళు పడిపోతాయని పెద్దవాళ్ళు ఒప్పుకోక, పిల్లవాణ్ణి ఇంటికి తెచ్చేశారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, ఎర్రగుంట్ల

జవాబు: అమ్మా, వెంటనే పిల్లవాణ్ణి తిరిగి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పత్రిక వచ్చేదాకా ఆగకూడదని ఈ మాట మీకు విడిగా కూడా తెలియజేశాను. ఇలాంటి భయమే ఉన్న మిగతా పాఠకుల కోసం వివరంగా రాస్తున్నాను.

జ్వరంతోపాటు తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం, మగత ఉంటే మెదడు పొరల వాపేమోనని అనుమానించాలి. అది చీము పట్టించే సూక్ష్మజీవుల వల్ల రావచ్చు, క్షయ వల్ల రావచ్చు, వైరస్ వల్లా రావచ్చు. దేని చికిత్స దానిదే. ఏదో తేల్చుకోవడానికి ముఖ్యమైన ఆధారం ఆ నీరే.

వెన్నుపాము నడుము చివరిదాకా రాదు. నడుములో మొదటి, రెండవ పూసల దగ్గరే ఆగిపోతుంది. సూది గుచ్చేది అంతకంటే కింద. అక్కడ నరాల పోగులు నీటిలో తేలుతుంటాయి, సూది వస్తే చాలావరకు పక్కకు జరుగుతాయి. తీసేది కొద్ది మిల్లీలీటర్లే. పెద్దవారిలో రోజుకు సుమారు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుతుంది.

రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇదే దారిలో మెథోట్రెక్సేట్ ఎక్కిస్తారు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అందించిన మందు అది. ఆ పిల్లలు ఈ సూది ఎన్నోసార్లు వేయించుకుంటారు. ప్రమాదం అసలే లేదనను, కాని కాళ్ళు పడిపోవడం చాలా అరుదు. జబ్బు ముదిరాక వచ్చిన పక్షవాతానికి కూడా జనం సూదినే నిందిస్తారు.

పక్కకు తిరిగి, మోకాళ్ళు కడుపుకు ఆనించి పడుకోబెడతారు. తిమ్మిరి మందు ఇచ్చాకే సూది గుచ్చుతారు. అప్పుడు కదలకూడదు. కాలిలోకి జివ్వున లాగితే నోటితో చెప్పాలి. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా, రక్తస్రావం తొందరగా ఆగకపోయినా, నడుము మీద పుండు ఉన్నా ముందే చెప్పండి. మెదడులో ఒత్తిడి పెరిగిందనే అనుమానం ఉంటే డాక్టరు ముందుగా స్కానింగ్ చేయిస్తారు.

తరువాత కొందరికి లేచి కూర్చుంటే తలనొప్పి వస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. సాధారణంగా కొద్ది రోజుల్లో పోతుంది. అది తగ్గకుండా పెరుగుతున్నా, కొత్తగా జ్వరం వచ్చినా, సూది గుచ్చినచోట నీరు కారినా, కాళ్ళలో పట్టు తగ్గినా వెంటనే డాక్టరుకు చూపించాలి.