ఊరేగింపులు చాలునా?

ఏటేట డిసెంబరు 1వ తేదీ వచ్చును. కళాశాలల విద్యార్థులు ఎఱ్ఱరిబ్బనులు రొమ్మున గ్రుచ్చికొని, ఎయిడ్సును తఱిమికొట్టుఁడని కేకలిడుచు కూడలివఱకు నడచి వత్తురు. మఱునాఁడు పత్రికలలో ఛాయాపటము. ఆ తఱుముట యెట్లో వారిలో నొక్కని నడిగి చూడుఁడు: నీళ్లు నమలును. ఏల నమలఁడు? వానికి చెప్పినవా రెవ్వరు?

ఇటీవల నొక కళాశాలవారు హెచ్.ఐ.వి. నివారణమును గూర్చి ప్రసంగింపుమని మమ్ము బిలిచిరి. వేదిక యెక్కఁబోవుచుండఁగా ప్రిన్సిపాలుగారు చెవిలో, "వకీలుగారూ, తక్కినవన్నియు సెలవిండు; ఆ యొక్క మాట మాత్రము వలదు. తల్లిదండ్రులు తగవునకు వత్తురు" అనిరి. ఆ మాట యేదో పాఠకులు గ్రహించియే యుందురు. కండోము! 1968 నుండి ప్రభుత్వమే నిరోధ్ అను పేర ఊరూర చాటించినదానిని ఇరువదియేండ్ల యువకునకు చెప్పరాదఁట! మేము చెప్పితిమి. ఆకాశము విఱిగి మీఁద పడలేదు. వెనుకవరుసవారు మొదట నవ్విరి. పిమ్మట నిశ్శబ్దముగా వినిరి. సభ ముగిసిన తరువాత నొక కుఱ్ఱవాఁడు మెట్లకడ నిలిచి, నేలచూపులు చూచుచు, "పరీక్ష చేయించుకొన్న కాలేజీకి తెలియునా అండీ?" అని యడిగెను. ఆ ప్రశ్న వానిని ఎన్ని నెలలుగా తొలుచుచుండెనో!

తెలియనక్కఱలేదు, నాయనా. 2017లో చేయఁబడి 2018 సెప్టెంబరు నుండి యమలులోనున్న శాసనము ప్రకారము, నీ యంగీకారము లేక పరీక్ష చేయరాదు. న్యాయస్థానపుటుత్తరువు వంటి కొలఁది సందర్భములలోఁ దప్ప ఫలితము నన్యులకు వెల్లడింపరాదు. రోగమున్నదని కళాశాలనుండి వెడలఁగొట్టరాదు. ప్రభుత్వాసుపత్రిలో ఆ పరీక్షకు రుసుము లేదు. 2004 నుండి మందులును ఉచితమే. మందులు క్రమముగా వాడి, నెత్తుటిలో వైరసు పరీక్షకు నందనంతగా తగ్గినవారినుండి సంపర్కమువలన నది యితరుల కంటదు. అన్నిటికంటె ముఖ్యమైనది: ప్రమాదము జరిగెనని తోఁచినచో 72 గంటలలోగా వైద్యుని చేరవలయును. అప్పుడు మొదలిడి 28 దినములు వాడవలసిన నివారణౌషధములు గలవు. గడువు దాటిన నవి ప్రయోజనపడవు. గంటల లెక్కగల సంగతిని ఏఁటి కొక్కదినము, అదియు నినాదములతో, చెప్పుదుమా?

చెప్పినచో పిల్లలు చెడుదురని యొక వాదము గలదు. 2007లో కొన్ని రాష్ట్రములు ఆ వాదమునకే లొంగి బడులలో నీ బోధను నిలిపివేసినవి. చెప్పనిచోట చెడుట యాఁగెనా? చేతిలోని ఫోను రేయింబవళ్లు చెప్పుచునే యున్నది, చాలవఱకు తప్పుగా. 2021 యంచనాలలో దేశమందలి పెద్దలలో హెచ్.ఐ.వి. గలవారు నూటికి 0.21, ఆంధ్రప్రదేశమున 0.67. మూఁడింతలు! ఇట్టి లెక్కగల గడ్డపై ఒక రబ్బరుతొడుగు పేరునకా సిగ్గుపడుట? నీతిమంతులకు భయమేమి యందురేమో. భర్తవలన రోగము సోఁకిన యిల్లాండ్రు చేసిన యవినీతి యేమి? నేఁటి విద్యార్థియే కదా రేపటి భర్త!

కళాశాలలలో ఎఱ్ఱరిబ్బను సంఘములు లేకపోలేదు. వానిచేత ముగ్గులపోటీలు పెట్టించుట మాని, ప్రవేశములైన మొదటి నెలలోనే వైద్యుని పిలిపించి, తలుపులు మూసి, ఒక గంట దాఁపఱికము లేక మాటలాడింపవలయును. వసతిగృహముల గోడలపై పరీక్షాకేంద్రపు చిరునామాయు, 1097 అను ఉచిత ఫోను సంఖ్యయు, 72 గంటల గడువును పెద్దయక్షరములతో వ్రాయింపవలయును. రంగునకగు కర్చు మేమిత్తుము. ప్రిన్సిపాలుగారు గోడ చూపినఁ జాలును.