కారు డోరుకి డ్యాంపింగ్ సరే, ట్రాక్టర్ తోలేవాడి చెవి సంగతేంది?

ఈసారి రాసేది నల్లి మందు గురించి కాదు, యార్డు రేట్ల గురించీ కాదు. శబ్దం గురించి. కొంచెం పొడుగైద్ది, ఓపిగ్గా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, ఎందుకంటే ఇది మనల్ని మనం అనుకోవాల్సిన మాటే.

2022-23లో మిర్చి క్వింటాలు ఇరవై వేలు దాటి పలికినప్పుడు మన ఊళ్ళల్లో చాలా ఇళ్ళ ముందు కార్లు వచ్చినయి. కొత్తవి కొన్ని, సెకండ్ హ్యాండువి ఎక్కువ. తప్పేం లేదు. రైతు కారెక్కితే కళ్ళు కుట్టుకునేవాళ్ళని నేను లెక్కచేయను. తర్వాత రేటు పడిపోయి 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయలు ప్రకటించే కాడికి వచ్చాం. కార్లు మాత్రం ఉన్నయి. ఇప్పుడు ఆ కార్లకి కొత్త మోజు మొదలైంది, డ్యాంపింగ్. డోర్ల లోపల నల్లటి షీట్లు అంటించి, పైన వెండి రేకు లాంటిది మెరుస్తుంటే ఫోన్లో వీడియో తీసి స్టేటస్ పెడుతున్నారు. నాకు తెలిసిన ఒకాయన్ని నాలుగు డోర్లకు పన్నెండు వేలు, కింద ఫ్లోరు కూడా కలిపితే ముప్పై వేలు అడిగారంట. ఆయన నన్ను సలహా అడిగాడు. ఆయనకి చెప్పిందే మీకూ చెప్తున్నా, ఆయనకి చెప్పనిది కూడా.

ముందు ఆ షీటు ఏం చేస్తదో చూద్దాం. కారు డోరు పల్చటి రేకు. వేలి కణుపుతో కొడితే డబ్బా మోగినట్టు మోగిద్ది. రోడ్డు మీద పోయేటప్పుడు టైర్ల అదురు, ఇంజన్ అదురు ఆ రేకుకి చేరి, రేకే స్పీకర్ లాగా మోగుతా ఉంటది. బ్యూటైల్ రబ్బరు షీటు దానికి గట్టిగా అతుక్కుంటే ఆ అదురుని తనలోకి తీసుకుని కొంచెం వేడిగా మార్చేస్తది. పైన ఉండే అల్యూమినియం రేకు ఆ రబ్బరుని పట్టి ఉంచిద్ది. అంతే, మంత్రం ఏం లేదు. షీటు వేశాక అదే చోట కొడితే టంగుమనకుండా మొద్దుగా డబ్ అంటది. రేకు మొత్తం కప్పాల్సిన పని కూడా లేదు. మధ్యలో అదిరే చోట సగం కప్పినా అదురు చాలావరకు ఆగిద్ది. షాపువాడు మొత్తం కప్పుతా అన్నాడంటే అమ్ముకునేది చదరపు అడుగుల లెక్కన కాబట్టి.

ఇంకొకటి. అదురు ఆపటం వేరు, శబ్దాన్ని అడ్డుకోవటం వేరు, పీల్చుకోవటం వేరు. షీటు అదురు ఆపిద్ది. గాలి దూరి వచ్చే శబ్దాన్ని ఆపేది డోరు చుట్టూ ఉండే రబ్బరు బీడింగు. అది ఎండకి బిరుసెక్కి పగిలితే ముప్పై వేల షీటు పెట్టినా ఈల ఆగదు. ఒక కాగితం డోరులో పెట్టి మూసి లాగి చూడండి, సులువుగా వచ్చేసిందంటే అక్కడ బీడింగు పట్టటం లేదని. టైరు అరిగి మెట్లు మెట్లుగా ఉంటే వచ్చే హోరు, వీల్ బేరింగు పోతే వచ్చే మూలుగు, సైలెన్సర్ జాయింటు లీకు, సీటు కింద దొర్లే జాకీ, ఇవన్నీ బాగుచేయించాక కూడా శబ్దం ఉంటే అప్పుడు షీటు మాట. మన రేగడి డొంకల్లో, గతుకుల్లో తిరిగిన బండికి సగం శబ్దం వదులైన బోల్టులదే.

ఫోముని డ్యాంపింగ్ అని అమ్మేవాళ్ళున్నారు, జాగ్రత్త. మెత్తటి ఫోము అదురు ఆపదు. పైగా డోరులోకి వాన నీళ్ళు దిగటం మామూలే, అవి కారిపోటానికి కంపెనీవాడే అడుగున బెజ్జాలు పెడతాడు. ఫోము ఆ నీళ్ళు తాగిద్ది, షీటు ఆ బెజ్జాలు మూసిద్ది, రెండేళ్ళకి డోరు అడుగు తుప్పు పడతది. తారుతో చేసిన చవక షీట్లయితే మన ఎండలకి మెత్తబడి వాసన కొడతయి. వైశాఖంలో ఒంగోలు బస్టాండు దగ్గర గంట సేపు ఎండలో పెట్టిన కారు లోపల ఎట్టా ఉంటదో నేను చెప్పాలా!

సరే, ఇదంతా కారు సంగతి. ఇక ఆయనకి చెప్పనిది.

మనం కారులో వారానికి ఎన్ని గంటలు కూర్చుంటాం? గుంటూరు యార్డుకో, చిలకలూరిపేట ఆస్పత్రికో, ఒక పెళ్ళికో. ఐదారు గంటలు. హైవే మీద అద్దాలు ఎత్తుకుని పోతే మామూలు కారు లోపల శబ్దం 70 డెసిబెల్స్ అటూ ఇటూ ఉంటది. దానివల్ల చిరాకు పుడతది, ఫోన్ మాట వినపడదు, కానీ చెవికి గాయం కాదు. అదే మన ట్రాక్టర్ మీద, క్యాబిన్ లేకుండా రోటావేటర్ వేసి పత్తి మోళ్ళు తొక్కిస్తా ఉంటే తోలేవాడి చెవి దగ్గర 90 దాటటం మామూలు. 70కి 90కి తేడా 20 గదా అనుకోకండి. డెసిబెల్ లెక్క మన కూడికల లెక్క కాదు. 3 పెరిగితే శబ్దపు శక్తి రెట్టింపు. 10 పెరిగితే పది రెట్లు. 20 అంటే నూరు రెట్లు.

అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థ నియోష్ చెప్పేది ఏందంటే, 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు, 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, అంతకు మించి చెవికి ముప్పు అని. మన దగ్గర ఫ్యాక్టరీల నిబంధనల్లో 8 గంటలకి 90 హద్దు. మన పత్తి చిలకలూరిపేట వైపు స్పిన్నింగ్ మిల్లుకి పోయాక ఆ మిల్లులో యంత్రం దగ్గర నిలబడే మనిషికి ఈ హద్దు ఉంది. శబ్దం వల్ల వచ్చే చెవుడుని పాత ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లోనే పని వల్ల వచ్చే జబ్బుగా రాశారు. అదే పత్తి చేలో ఉన్నప్పుడు దాని కోసం పది గంటలు ట్రాక్టర్ తోలినవాడికి ఆ షెడ్యూలు వర్తించదు. చేను ఫ్యాక్టరీ కాదంట. చెవి మాత్రం ఒకటే కదయ్యా!

జూన్‌లో నాలుగు చినుకులు పడితే ట్రాక్టర్‌కి నిద్ర ఉండదు. తెల్లారుజామున ఎక్కినవాడు చీకటి పడ్డాక దిగుతాడు. దిగాక గంటసేపు చెవిలో గుయ్ మంటా ఉంటది, పొద్దున్నే తగ్గిద్ది. తగ్గిపోయింది గదా అనుకుంటాడు. ఆ గుయ్ మనటం చెవి పెట్టే మొర. చెవి లోపల సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటయి, శబ్దాన్ని పట్టేది అవే. ఏళ్ళ తరబడి దెబ్బతింటే చచ్చిపోతయి, మళ్ళీ పుట్టవు. మందు లేదు, ఆపరేషన్‌తో మొలిపించలేరు. ముందు పోయేది సన్నటి శబ్దాలు. అందుకే మొదట్లో ఎవరికీ తెలీదు. ఇంజన్ వినపడతది, ఉరుము వినపడతది. మనవరాలు చెప్పేది మాత్రం గొణిగినట్టు ఉంటది. స, త, క లాంటి అక్షరాలు జారిపోయి మాట వినపడతది గాని అర్థం కాదు. ఇంట్లో ఆడవాళ్ళు పిలిస్తే పలకడు, వాళ్ళేమో పట్టించుకోడంటారు. వెనక గొర్రు ఎట్టా పడుతుందో చూడ్డానికి ఎప్పుడూ ఒకే పక్కకి తిరిగి తోలేవాళ్ళకి ఒక చెవి ముందు పోవటం కూడా ఉంది, ఆ చెవి ఇంజన్ వైపే ఉంటది కాబట్టి.

ఇక్కడ కొందరు అంటారు, మా నాన్న నలభై ఏళ్ళు తోలాడు ఏమైంది అని. ఏమైందో మీరే చూడండి. ఆయనతో మీరు మాట్లాడేటప్పుడు పక్కింటికి వినపడేట్టు ఎందుకు అరుస్తున్నారు? టీవీ సౌండు అంత ఎందుకు? అరవై దాటితే చెవుడు సహజం అని సరిపెట్టుకున్నాం. వయసుతో వచ్చేది కొంత, ట్రాక్టర్ పెట్టింది కొంత. రెండోది ఆపగలిగిందే.

ఇంకొందరు చెవిలో పత్తి పెట్టుకుంటాం అంటారు. పత్తి పండించేవాళ్ళం కాబట్టి మనకి పత్తి మీద ప్రేమ ఉండొచ్చు, కానీ చెవిలో దూది ఆపే శబ్దం చాలా కొంచెం. దూది గాలిని వదిలేస్తది. గాలి పోయే చోటల్లా శబ్దం పోద్ది.

కుర్రాళ్ళ సంగతి చెప్పకపోతే పాపం. ట్రాక్టర్ మడ్‌గార్డుల మీద పెద్ద పెద్ద సౌండు బాక్సులు. ఇంజన్ 90 ఉంటే పాట వినపడాలంటే దాని మీద ఎక్కాలి గదా, చెవిలో పడేది రెండూ కలిపి. కొందరు సౌండు రావాలని సైలెన్సర్ లోపలిది పీకించి మరీ తోలుతున్నారు. కారు డోరుకి శబ్దం రాకూడదని డబ్బులు, ట్రాక్టర్‌కి శబ్దం రావాలని డబ్బులు. ఒకే ఇంట్లో, ఒకే సంవత్సరంలో. మిరపకి మందు కొట్టే పవర్ స్ప్రేయర్ వీపుకి తగిలించుకున్నప్పుడు ఇంజన్ చెవికి మూరెడు దూరంలో ఉంటది, అదీ ఈ లెక్కలోదే.

నేను కారుకి షీటు వేయించుకోవద్దు అనటం లేదు. ఆ తెలివి ముందు ట్రాక్టర్ మీద పెట్టండి అంటున్నా. సైలెన్సర్‌కి బెజ్జం పడితే ఆ వారంలోనే మార్చండి. బానెట్ బిగింపులు, మడ్‌గార్డు బోల్టులు రబ్బరు వాషర్లేసి బిగించండి. మడ్‌గార్డు అచ్చం కారు డోరు లాంటి రేకే, అదీ తోలేవాడి పక్కనే. దాని మీద కొట్టి చూడండి ఎట్టా మోగిద్దో. కారుకి కొన్నదాంట్లో మిగిలిన షీటు ముక్క సీటు వైపు శుభ్రంగా తుడిచి, గ్రీజు లేకుండా చేసి, రోలరుతో వత్తి అంటించండి, టైరు వైపు వద్దు, బురదకి ఊడొస్తది. కాళ్ళ కింద రబ్బరు మ్యాటు వేయండి. వీటితో రేకుల మోత తగ్గిద్దేగాని ఇంజన్ హోరు పోదు. దానికి చెవుల మీద పెట్టుకునే ఇయర్ మఫ్సే దారి. మహీంద్రా, జాన్ డీర్ వాళ్ళు ఏసీ క్యాబిన్ ట్రాక్టర్లు ఇక్కడా అమ్ముతున్నారు, అవి మన రెండెకరాల, మూడెకరాల వాళ్ళు కొనేవి కాదు. ఇయర్ మఫ్స్ కొనగలం.

అసలు బాధ ఎక్కడంటే, ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ట్రాక్టర్ తోలేది మనం కాదు. రోజు కూలికో నెల జీతానికో వచ్చే కుర్రాడు. ఇరవై రెండేళ్ళు ఉంటయి. వాడి చెవి పోయిందని వాడికి తెలిసేటప్పటికి మన దగ్గర ఉండడు. డీజిల్ లీటర్లు లెక్క రాస్తాం, గంటలు లెక్క రాస్తాం. మన కారు సీటులో మన నడుముకి, మన చెవికి ముప్పై వేలు పెట్టగలిగిన వాళ్ళం వాడికి ఐదారు వందలు పెట్టి మఫ్స్ కొనివ్వలేదంటే డబ్బు లేక కాదు. వాడి చెవి మన లెక్కలో లేదు. ఈ మాట కొందరికి కోపం తెప్పిస్తదని తెలుసు.

ప్రభుత్వం వైపు కూడా ఒక మాట. యంత్రాలకి సబ్సిడీ ఇచ్చేటప్పుడు స్ప్రేయర్‌తో, రోటావేటర్‌తో పాటు ఒక జత మఫ్స్ కూడా ఇవ్వమని అడగాలి. మధ్యప్రదేశ్ బుద్నీలో కేంద్ర ప్రభుత్వం ట్రాక్టర్లు పరీక్ష చేసే సంస్థ ఉంది. అక్కడి రిపోర్టులో పీటీఓ పవరు, డీజిల్ ఖర్చుతో పాటు తోలేవాడి చెవి దగ్గర శబ్దం ఎన్ని డెసిబెల్స్ అనేది కూడా కొలిచి రాస్తారు. కొత్త ట్రాక్టర్ కొనేటప్పుడు ఎన్ని హెచ్‌పీ, ఎంత లిఫ్టు అని అడుగుతాం గదా, ఆ అంకె కూడా అడగండి. పది మంది అడిగితే డీలరు తెలుసుకుని వస్తాడు.

మఫ్స్ కావాల్సినవాళ్ళు గుంటూరు, ఒంగోలులో ఫ్యాక్టరీ పనివాళ్ళకి హెల్మెట్లు, గ్లవుజులు అమ్మే షాపుల్లో అడగండి. పాటలు వినే హెడ్‌ఫోన్లు ఇస్తారేమో చూసుకోండి, అవి కాదు. పెట్టె మీద ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో రాసి ఉండాలి. చెవి చుట్టూ దిండు మొత్తం ఆనాలి, మధ్యలో తలపాగా గుడ్డ అడ్డం వస్తే పని చేయదు, గుడ్డ పైన కట్టుకోమనండి. ట్రాక్టర్‌ మీద చెమటకి చిరాకేస్తే చెవిలో నొక్కి పెట్టుకునే ఫోము ప్లగ్గులు ఉన్నయి, పది ఇరవై రూపాయల్లో జత. మందు చేతులతో మాత్రం వాటిని ముట్టుకోవద్దు, చేతులు కడుక్కునే పెట్టుకోవాలి. రోడ్డెక్కినప్పుడు మఫ్స్ తీసి మెళ్ళో వేసుకోమని చెప్పండి, వెనక లారీ హారన్ వినపడాలి.